ప్రైమర్ ఎక్కడ ఆగింది?

ఈ సంచికలో ప్రశ్నలన్నీ రీలోడింగ్ ప్రెస్‌లో, అంటే వాడేసిన తూటా కేసుల్ని (ఇత్తడి గొట్టాల్ని) మళ్లీ నింపే యంత్రంలో, ప్రైమర్ సరఫరా గురించే. దెబ్బ తగలగానే పేలి కేస్‌లోని మందుని అంటించే చిన్న మూతే ప్రైమర్. చట్టం ఒప్పుకున్న చోట, లైసెన్సు ఉండి తూటాలు మళ్లీ నింపుకునేవాళ్ల కోసం ఈ జవాబులు.

ప్రెస్‌లో ట్యూబు దాటాక ప్రైమర్ నడిచే దారి జానెడు కూడా ఉండదు. ట్యూబులోంచి కప్పులోకి జారుతుంది. కప్పుతో పాటు స్లయిడ్ మీద ముందుకొస్తుంది. కింద నుంచి పంచ్ నెడితే కేస్ అడుగున ఉన్న గుంటలో కూర్చుంటుంది. అంటే ట్యూబు, కప్పు, ప్రయాణం, గుంట. ఈ నాలుగు మజిలీల్లో ఎక్కడ ఆగినా మనం అనే మాట ఒకటే: "ప్రైమర్ రావడం లేదు." అందుకే స్క్రూడ్రైవర్ అందుకునే ముందు, ఆ ప్రైమర్ ఆఖరిసారి ఏ మజిలీలో కనిపించిందో చూడండి. కింది జవాబులన్నీ ఆ వరుస పట్టుకునే నడుస్తాయి.

ప్రశ్న: నాది స్లయిడ్ రకం ప్రోగ్రెసివ్ ప్రెస్ (ఒక్కో లాగుడికీ అన్ని స్టేషన్లలో పని ఒకేసారి జరిగేది). ట్యూబు నిండా ప్రైమర్లు ఉన్నా పది పదిహేను కేసులకి ఒకటి ప్రైమర్ లేకుండానే బయటికొస్తోంది. మొదట్లో ఇంత లేదు, రోజురోజుకీ ఎక్కువవుతోంది. కొత్త స్లయిడ్ వేయించాలా?

జవాబు: "రోజురోజుకీ ఎక్కువవుతోంది" అన్నారు చూడండి, అసలు గుట్టు అక్కడుంది. లోహం అంత త్వరగా అరగదు. పెరుగుతున్నది మురికి. అదీ చాలావరకు తుపాకి మందు పలుకులు.

ఒక్క కేస్‌కి ప్రైమర్ పడలేదనుకోండి. తర్వాతి స్టేషన్‌లో మందు కొలత మామూలుగానే మందు వదులుతుంది. అడుగున ఫ్లాష్ హోల్ (ప్రైమర్ నిప్పు మందుకి చేరే రంధ్రం) తెరిచే ఉంది కాబట్టి ఆ మందు షెల్‌ప్లేట్ (కేసుల్ని పట్టి తిప్పే పలక) మీదికి, అక్కణ్ణుంచి స్లయిడ్ గాడిలోకి రాలుతుంది. గాడిలో నాలుగు పలుకులు చేరితే స్లయిడ్ చివరిదాకా వెళ్లదు. చివరిదాకా వెళ్లకపోతే కప్పు ట్యూబు కిందికి సరిగ్గా చేరదు, ఇంకో ప్రైమర్ తప్పుతుంది, ఇంకొంచెం మందు రాలుతుంది. ఒక తప్పు ఇంకో తప్పుని కంటూ పోతుంది. అందుకే ప్రైమర్ లేని కేస్ ఒక్కటి కనిపించినా అక్కడే ఆగాలి. ఆ కేస్ పక్కన పెట్టేసి పని కొనసాగించడమే మీ ప్రెస్‌ని ఈ స్థితికి తెచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి. ట్యూబులో ఉన్న ప్రైమర్లు మొత్తం, మీ ప్రెస్ మాన్యువల్ చెప్పిన పద్ధతిలో దించేయండి. మందు కొలత ఖాళీ చేయండి. షెల్‌ప్లేట్ మీదున్న కేసులన్నీ తీయండి. స్లయిడ్ బయటికి తీసి దాని అడుగు, గాడి, గాడి చివర మూల మెత్తని గుడ్డని ఆల్కహాల్‌తో తడిపి తుడవండి. గాడి వెనక మూలలోనే ఎక్కువ చేరుతుంది. అక్కడికి గుడ్డ అందకపోతే పైప్ క్లీనర్ (నూలు చుట్టిన సన్నని తీగ) వాడండి. పొడి బ్రష్‌తో దులపడం, గాలి కొట్టడం వద్దు. ఆ మురికిలో ప్రైమర్ పొడి కూడా ఉంటుంది.

శుభ్రం చేశాక ట్యూబు ఖాళీగానే ఉంచి హ్యాండిల్ నెమ్మదిగా ఒక ఇరవై సార్లు నడపండి. ఈ రకం ప్రెస్‌లలో సాధారణంగా హ్యాండిల్ కిందికి లాగితే స్లయిడ్ వెనక్కి, అంటే ట్యూబు కిందికి వెళ్తుంది. పైకి తెస్తే ముందుకొస్తుంది. రెండు కొసల్లోనూ స్లయిడ్ 'టక్'మని ఆగాలి. ఆఖరి రెండు మూడు మిల్లీమీటర్లలో బద్ధకంగా పాకుతుంటే మూడు చోట్ల చూడండి: స్ప్రింగ్ సాగిందా, నడిపే కడ్డీ వంగిందా, స్లయిడ్ కింద ఉండే పలక మీద గీతలు పడ్డాయా. కడ్డీ వంగడం అనుకున్నదానికంటే ఎక్కువగా జరుగుతుంది. ఎప్పుడో స్లయిడ్ పట్టేసినప్పుడు బలంగా లాగి ఉంటారు. కంటికి ఆనకపోతే కడ్డీని గాజు పలక మీద దొర్లించండి, వంకర తెలిసిపోతుంది.

ఇవన్నీ బాగుంటే మీ చేతినే అనుమానించాలి. హ్యాండిల్ పూర్తిగా కిందికి లాగకుండా మధ్యలోంచే తిప్పేస్తే స్లయిడ్ ట్యూబు దాకా వెళ్లదు. గంట సేపు పని చేసి చెయ్యి అలిసినప్పుడు ఇది మరీ ఎక్కువ. ప్రతి కొస దగ్గరా చెయ్యి ఆగాలి.

ప్రశ్న: ట్యూబులో చివరి ఐదారు ప్రైమర్లు ఎప్పుడూ సరిగ్గా పడవు.

జవాబు: పైనున్న వరస బరువే కిందిదాన్ని దింపుతుంది. వరస తగ్గితే బరువు తగ్గుతుంది. అందుకే ట్యూబులో పైన ఒక కడ్డీ వేస్తారు. ప్రైమర్లు అయిపోవస్తున్నాయని హెచ్చరించడం దాని ఒక పని, చివరి ప్రైమర్ల మీద బరువు వేయడం రెండో పని. కడ్డీ పోయిందా, లేక పైన ఉన్న హెచ్చరిక మీట దాన్ని పట్టి ఆపేస్తోందా చూడండి. దాని బదులు ఇంట్లో దొరికిన ఇనుప చువ్వ వేయకండి. ప్రెస్ తయారీదారు ఇచ్చినదే వేయండి.

ట్యూబు లేకుండా వాలు తొట్టి మీంచి ప్రైమర్లు జారే రకం ప్రెస్‌లలో అయితే ఇది లోపం కాదు, ఆ ఏర్పాటు తీరే అంత. తొట్టి వాలులో ఎప్పుడూ కొన్ని ప్రైమర్లు వెనక నుంచి నెడుతూ ఉండాలి. వాలు సగం ఖాళీ అయ్యేలోగానే నింపుకోండి.

ప్రశ్న: కొన్ని ప్రైమర్లు తిరగబడి కూర్చుంటున్నాయి, కొన్ని పక్కకి వాలి నలిగిపోతున్నాయి. రెండూ ఒకే లోపమా?

జవాబు: కాదు. ఈ రెండిటినీ ఒక గాటన కట్టేయడం వల్లే చాలామంది అక్కర్లేని భాగాలు కొంటారు.

తిరగబడ్డ ప్రైమర్, అంటే మెరిసే ముఖం లోపలికీ ఆన్విల్ (ప్రైమర్‌లో ఉండే చిన్న కాళ్ల ముక్క) బయటికీ ఉన్నది, చాలావరకు ప్రెస్ తప్పు కాదు. పళ్లెంలోనే తప్పు జరిగింది. గాళ్లున్న పళ్లెంలో ప్రైమర్లు పోసి మెల్లగా ఊపితే అన్నీ ఒకవైపుకి తిరుగుతాయి. నిలువు ట్యూబు ప్రెస్‌లలో మామూలు పద్ధతి ఇది: పళ్లెంలో మెరిసే ముఖం పైకి ఉండాలి. పిక్‌అప్ ట్యూబు కొసతో ఒక్కొక్కదాన్నీ అద్దుకుంటూ పోతారు. ఆ ట్యూబుని తలకిందులు చేసి ప్రెస్ ట్యూబు మీద పెట్టి పిన్ను లాగితే ప్రైమర్లు ఆన్విల్ పైకి ఉండేలా దిగుతాయి. కప్పులో అలా పడుకున్నదే కింద నుంచి గుంటలోకి సరిగ్గా వెళ్తుంది. నూటికి ఒక్కటి పళ్లెంలో తిరగకుండా ఉండిపోయినా అదే తేలుతుంది. ట్యూబు నింపే ముందు పళ్లెం మీద దీపం ఏటవాలుగా పడేలా పెట్టి చూడండి. తిరగని ప్రైమర్ మెరవకుండా, మధ్యలో మూడు కాళ్లతోనో రెండు కాళ్లతోనో కనిపిస్తుంది.

ప్రెస్సే తిప్పేసే సందర్భం ఒకటుంది, లెక్క వేస్తే అర్థమవుతుంది. చిన్న ప్రైమర్ వ్యాసం 0.175 అంగుళం, అంటే 4.45 మి.మీ. ఎత్తు సుమారు 3 మి.మీ. దీని మూల నుంచి మూలకి కొలిస్తే 5.37 మి.మీ. వస్తుంది. పెద్ద ప్రైమర్ వ్యాసం 0.210 అంగుళం, అంటే 5.33 మి.మీ. పెద్ద ప్రైమర్లు ఒరుసుకోకుండా జారాలంటే దాని ట్యూబు రంధ్రం అంతకంటే కొంచెం ఎక్కువే ఉండాలి. అలాంటి ట్యూబులో చిన్న ప్రైమర్లు పోస్తే అవి లోపలే పిల్లిమొగ్గ వేయగలవు. సైజు మార్చినప్పుడు పిక్‌అప్ ట్యూబు, ప్రెస్ ట్యూబు, దాని కింది ప్లాస్టిక్ కొస, స్లయిడ్ కప్పు, పంచ్ అన్నీ ఒకే జాతివి కావాలి. ఒక్కటి పాతది మిగిలినా గొడవే.

ఇక పక్కకి వాలి నలగడం. ఇది కప్పు దగ్గరో, ప్రయాణంలోనో, గుంట దగ్గరో జరుగుతుంది. నలిగిన ప్రైమర్‌ని చూస్తే ఎక్కడో తెలుస్తుంది.

అంచు ఒకవైపే చెక్కినట్టు కోసుకుపోయి ఉంటే అది ట్యూబు కింద కత్తిరింపు పడింది. కప్పు లోతు ప్రైమర్ ఎత్తుకి సరిపోవాలి. లోతు ఎక్కువైతే పై ప్రైమర్ కూడా కొంచెం లోపలికి దిగుతుంది, స్లయిడ్ కదిలినప్పుడు దాన్ని కోస్తుంది. లోతు తక్కువైతే కప్పులో ఉన్నదే పైకి పొడుచుకొచ్చి ట్యూబు కొసకి తగులుతుంది. ఇది ప్రమాదకరమైన లోపం, ఎందుకంటే కోత పడే చోటికి సరిగ్గా పైనే మిగతా వరసంతా ఉంది. స్లయిడ్ వెళ్లేటప్పుడు చేతికి ఏ మాత్రం అడ్డు తగిలినా బలం పెట్టకండి. ట్యూబు ఖాళీ చేసి, స్లయిడ్ తీసి, కప్పులో ఒకే ఒక్క ప్రైమర్ చేత్తో పెట్టి, దాని మీదుగా సన్నని ప్లాస్టిక్ కార్డు జరపండి. కార్డు తట్టుకోకుండా జారాలి. ప్రైమర్ పై అంచు స్లయిడ్ పైతలానికి సమంగానో, వెంట్రుకవాసి కిందికో ఉండాలి. తట్టుకుంటే పంచ్ కింద మురికో, పంచ్ తప్పు సైజుదో అయ్యుంటుంది. 

ప్రైమర్ పూర్తిగా అడ్డం తిరిగి, గుంటలో నిలువుగా ఇరుక్కుని ఉంటే కప్పు గుంటకి సూటిగా చేరడం లేదు. షెల్‌ప్లేట్‌ని పట్టి ఊపి చూడండి. బోల్టు వదులై ఊగుతుంటే ముందు దాన్ని బిగించండి. ప్లేట్ తిరగాలి, కానీ పైకీ కిందికీ ఎగరకూడదు. తర్వాత స్లయిడ్ ముందు కొసలో ఉండగా పై నుంచి చూడండి. షెల్‌ప్లేట్ గాడి మధ్యలో పంచ్ కనిపించాలి. ఒక పక్కకి ఉంటే ప్రైమర్ వ్యవస్థని పట్టి ఉంచే స్క్రూలు పావు చుట్టు వదులు చేసి, మధ్యకి తెచ్చి, మార్చి మార్చి బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకుంటే మళ్లీ పక్కకి పోతుంది.

ప్రైమర్ తిన్నగానే వెళ్లి పైన మాత్రం చదునుగా నలిగి, సగమే దిగితే గుంటని చూడాలి. దాని సంగతి తర్వాతి రెండు జవాబుల్లో ఉంది.

ప్రశ్న: .45 ఏసీపీ (పిస్టల్ తూటా) కేసులు నింపుతున్నాను. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఒకటి పట్టేస్తుంది. మళ్లీ ముప్పై నలభై దాకా ఏ ఇబ్బందీ ఉండదు.

జవాబు: ప్రెస్‌ని ఏమీ అనకండి. కేసుల్ని ఏరండి. .45 ఏసీపీ కేసులు పెద్ద ప్రైమర్ గుంటతోనూ వస్తాయి, చిన్న ప్రైమర్ గుంటతోనూ వస్తాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. చిన్న గుంటలోకి పెద్ద ప్రైమర్‌ని నెడితే అది నలుగుతుంది. రైఫిల్ తూటాల్లో 6.5 క్రీడ్‌మోర్‌లోనూ రెండు రకాల గుంటలున్నాయి. .308 విన్చెస్టర్‌లో కూడా చిన్న గుంట కేసులు తయారవుతాయి.

ఇవి మూడూ కాకుండా ఎక్కడైనా ఎదురయ్యేది సైనిక కేసుల క్రింప్. ప్రైమర్ ఊడిపోకుండా గుంట అంచుని చుట్టూ లోపలికి నొక్కి ఉంచుతారు. పాత ప్రైమర్ తీసినా ఆ అంచు అలాగే ఉంటుంది, కొత్తది దానికి కొట్టుకుంటుంది. ఒక్కసారి స్వేజ్ చేసో (నొక్కి వెడల్పు చేసో), రీమర్‌తో కోసో అంచు తీసేస్తే ఆ కేస్‌కి మళ్లీ ఆ పని అక్కర్లేదు. రీమర్ వాడితే అంచు తీసినంత వరకే. ఎక్కువ కోస్తే గుంట వదులై ప్రైమర్ నిలవదు.

బెర్డాన్ అనే వేరే రకం కేసులు కలిసినా తెలుస్తుంది, కాకపోతే ఖరీదైన పద్ధతిలో తెలుస్తుంది. వాటికి మధ్యలో ఒక రంధ్రం బదులు పక్కల్లో రెండు ఉంటాయి, పాత ప్రైమర్‌ని నెట్టేసే డీక్యాపింగ్ పిన్ను విరుగుతుంది. కేస్ నోట్లోంచి టార్చి వేసి చూస్తే మనం మామూలుగా నింపే బాక్సర్ రకానికి నట్టనడుమ ఒక్కటే రంధ్రం కనిపిస్తుంది.

ఏ కేస్ నింపుతున్నా వంద కేసుల్నీ ఒక్కొక్కటిగా అలా తిప్పి చూడటానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. నలిగిన ప్రైమర్‌ని తీయడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ప్రశ్న: కేస్‌లో పాత ప్రైమర్ అలాగే ఉండిపోయి, దాని మీద కొత్తది నలుగుతోంది. డీక్యాపింగ్ పిన్ను దిగుతున్నట్టు చేతికి తెలుస్తోంది. ఎందుకిలా?

జవాబు: పిన్ను దిగింది, పాత ప్రైమర్‌ని బయటికి నెట్టింది కూడా. కానీ పైకి వచ్చేటప్పుడు దాన్ని వెంట లాక్కొచ్చింది. పిన్ను కొస దెబ్బతింటేనో, పుట్టగొడుగులా విచ్చుకుంటేనో పాత ప్రైమర్ కొసకి అంటుకుంటుంది. కేసుల్ని నీళ్లలో కడిగి సరిగ్గా ఆరబెట్టకపోయినా అంటుకుంటుంది.

కొస బాగున్న కొత్త పిన్ను వేయండి. స్ప్రింగ్‌తో తన్నే రకం పిన్నులు దొరుకుతాయి, ఈ జబ్బుకి అదే బాగా పనిచేస్తుంది. పిన్ను ఫ్లాష్ హోల్ దాటి ఎంత బయటికొస్తోందో కూడా చూడండి. సుమారు 3 నుంచి 5 మి.మీ. రావాలి. బొటాబొటీగా వస్తుంటే ప్రైమర్ ఊడినా అక్కడే వేలాడుతుంది.

ఊడిన ప్రైమర్లు పడే గొట్టం నిండిపోవడం కూడా ఇలాగే కనిపిస్తుంది. కింది డబ్బా నిండితే గొట్టంలో పేరుకుంటాయి, పై పిన్ను నెట్టినదానికి పోవడానికి చోటుండదు. నవ్వొచ్చే కారణమే కానీ చాలాసార్లు అసలు కారణం ఇదే.

ప్రశ్న: ప్రైమర్లు కూర్చుంటున్నాయి కానీ చేత్తో తడిమితే కొంచెం పైకి తగులుతున్నాయి. కొన్ని మొదటి దెబ్బకి పేలక, రెండో దెబ్బకి పేలుతున్నాయి. ప్రైమర్లు పాడయ్యాయా?

జవాబు: రెండో దెబ్బకి పేలిన ప్రైమర్ పాడైనది కాదు, పైకి కూర్చున్నది. మొదటి దెబ్బ శక్తంతా దాన్ని గుంట అడుగుకి దించడానికే ఖర్చయింది. అడుగుకి ఆనాక రెండో దెబ్బ పనిచేసింది.

ప్రైమర్ కేస్ అడుగు తలానికి 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి. అంటే 0.08 నుంచి 0.13 మి.మీ. సమంగా ఉంటే చాలు అనుకోకండి. ఆన్విల్ కాళ్లు గుంట అడుగుని తాకి, కొద్దిగా నొక్కుకుంటేనే ప్రైమర్ తన స్థానంలోకి వచ్చినట్టు. పైకి పొడుచుకొచ్చినవి రివాల్వర్‌లో సిలిండర్‌ని తిరగనివ్వవు. ఫైరింగ్ పిన్ను స్వేచ్ఛగా కదిలే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో బోల్టు మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం ఉంది.

పరీక్ష తేలిక. అద్దం ముక్క మీద కేస్‌ని నిలబెట్టండి. ఊగితే ప్రైమర్ పైకి ఉంది. కంటికంటే ఇది నమ్మకం.

కారణాల్లో మొదటిది చెయ్యి. ఈ ప్రెస్‌లలో ప్రైమర్ కూర్చునేది హ్యాండిల్ పైకి వచ్చాక దాన్ని ముందుకి నెట్టినప్పుడు. లాగడానికి అందరూ బలం పెడతారు, నెట్టడానికి పెట్టరు. ప్రైమర్ అడుగుకి ఆనినట్టు చేతికి తెలిసేదాకా నెట్టాలి. రెండోది బల్ల. ప్రెస్ బోల్టులు వదులైనా, బల్ల పలక పలచనిదైనా మీ నెట్టుడు సగం బల్ల వంగడానికే పోతుంది. ఒకరు హ్యాండిల్ నెడుతుంటే ఇంకొకరు ప్రెస్ కాలి దగ్గర వేలు పెట్టి చూస్తే కదలిక తెలిసిపోతుంది. మూడోది ముందు చెప్పిన షెల్‌ప్లేట్ బోల్టు. పంచ్ పైకి నెట్టినప్పుడు ప్లేట్ కూడా లేస్తే ప్రైమర్‌కి ఆ మేర లోతు తగ్గిపోతుంది. నాలుగోది గుంటలో మసి. మామూలు మసి పలచగా ఉంటే పరవాలేదు, గట్టిగా పెచ్చు కట్టినదాన్ని గుంట శుభ్రం చేసే పనిముట్టుతో గీకేయాలి.

ఐదోది సరుకు తేడా. పెద్ద రైఫిల్ ప్రైమర్, పెద్ద పిస్టల్ ప్రైమర్ వ్యాసంలో ఒకటే. ఎత్తులో రైఫిల్‌ది సుమారు 0.2 మి.మీ. ఎక్కువ. పిస్టల్ కేస్‌లో రైఫిల్ ప్రైమర్ పెడితే ఎంత నెట్టినా పైకే ఉంటుంది. చిన్నవాటిలో ఈ ఎత్తు తేడా లేదు. అలాగని ఒకదాని బదులు ఒకటి వాడొచ్చని కాదు, రేకు మందం వేరు. ట్యూబులో పోసే ముందు డబ్బా మీద పేరు బిగ్గరగా చదవడం చిన్నపిల్లల అలవాటులా ఉంటుంది. ఉండనివ్వండి.

ఒక హెచ్చరిక. మందు పోసి గుండు కూడా బిగించేసిన తూటాలో ప్రైమర్ పైకి ఉందని దాన్ని ప్రెస్‌లో పెట్టి మళ్లీ నెట్టకండి. సుత్తిలా కొట్టే రకం బుల్లెట్ పుల్లర్‌లోనూ పెట్టకండి. కాలెట్ రకం (గుండుని బిగించి పట్టుకునే) పుల్లర్‌తో మెల్లగా గుండు లాగి, మందు తీసేయండి.

ప్రశ్న: ట్యూబు మధ్యలో ప్రైమర్లు ఇరుక్కున్నాయి. పై నుంచి సన్నని కడ్డీతో తోయవచ్చా?

జవాబు: వద్దు.

ట్యూబులో వంద ప్రైమర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక్కటి పేలితే మిగతావి ఆగవు. ప్రెస్ ట్యూబు చుట్టూ మందమైన ఉక్కు గొట్టం పెట్టేది అందుకే. పేలితే పైకి పోవాలి కానీ పక్కలకి పోకూడదని. ఆ గొట్టం తీసేసి ప్రెస్ నడపడం, ట్యూబు పై కొస మీద మొహం పెట్టి లోపలికి తొంగి చూడడం ఏ రోజూ చేయకూడని పనులు.

ప్రెస్ ఆపి, ట్యూబుని దాని గొట్టంతో సహా ప్రెస్ నుంచి వేరు చేయండి. కొస మీకూ ఎవరికీ ఎదురుగా లేకుండా పట్టుకుని, మెత్తని గుడ్డ పరిచిన పళ్లెంలోకి మెల్లగా వంచండి. వచ్చినవి వస్తాయి. రానివాటిని పొడవకండి, ట్యూబుని బల్లకేసి తట్టకండి, వేడి చేయకండి. మిగిలినవాటితో సహా ట్యూబుని వదులుకోండి. ప్రైమర్ తయారీదారు సూచనల ప్రకారం, మీ ప్రాంత నిబంధనల ప్రకారం పారవేయించండి. ట్యూబు ఖరీదు చేతి వేళ్ల ఖరీదు కంటే తక్కువ.

నూనెలోనో నీళ్లలోనో నానబెడితే చచ్చిపోతాయని అనుకోకండి. నీళ్లలో తడిసినవి ఆరాక మళ్లీ పేలవచ్చు. నూనె కూడా అన్నిటినీ చంపుతుందన్న భరోసా లేదు. తడిసినవాటిని కూడా ప్రాణం ఉన్నవాటిగానే చూడాలి.

ఇరుక్కోవడానికి కారణం వెతకడం ఆ తర్వాత. సాధారణంగా మూడు ఉంటాయి: ట్యూబు ఎప్పుడో కిందపడి సొట్టపోవడం, లోపల ప్రైమర్ పొడి పేరుకోవడం, కింది ప్లాస్టిక్ కొస పగలడం. కొసకి ఉన్న గాటు దాని గూటిలో సరిగ్గా కూర్చోకపోయినా రంధ్రం పక్కకి జరిగి పట్టేస్తుంది. కొత్త ట్యూబు బిగించేటప్పుడు చూసుకోండి.

ప్రశ్న: నా ప్రెస్‌లో స్లయిడ్ బదులు తిరిగే డిస్క్ ఉంది. ఆగి మళ్లీ మొదలుపెడితే ప్రైమర్లు వృథాగా పక్క డబ్బాలో పడుతున్నాయి.

జవాబు: అది లోపం కాదు. స్లయిడ్ రకంలో కేస్ లేకపోతే ప్రైమర్ కప్పులోనే కూర్చుని వెనక్కి వెళ్తుంది. డిస్క్ మాత్రం కేస్ ఉన్నా లేకున్నా ప్రతి లాగుడికీ ఒక గడి ముందుకు పోతుంది, వాడని ప్రైమర్‌ని చివర్లో వదిలేస్తుంది. ప్రెస్‌లు తయారుచేసే డిల్లాన్ వాళ్ల 650 మోడల్‌లో డిస్క్ ఉండేది, 2019లో దాని స్థానంలో వచ్చిన 750లో మళ్లీ స్లయిడే పెట్టారు. కేసులు తెగకుండా వస్తున్నంత సేపు డిస్క్ హాయిగా నడుస్తుంది, మధ్యలో ఆగి వెతుక్కునేవాళ్లకి స్లయిడ్ నయం. డబ్బాలో పడ్డవాటిని చూసి, నలగనివైతే పళ్లెంలో వేసి మళ్లీ వాడుకోవచ్చు. డిస్క్ గడి గడికీ సరిగ్గా ఆగకుండా సగంలో నిలుస్తుంటే మాత్రం డిస్క్ కింద మురికి ఉంది, లేదా దాన్ని తిప్పే నాలుక కొస అరిగింది.

ప్రశ్న: స్లయిడ్‌కి ఏ నూనె వేయాలి? ఎన్ని రోజులకి శుభ్రం చేయాలి?

జవాబు: స్లయిడ్‌కి, కప్పుకి, ట్యూబుకి ఏ నూనె వద్దు. నూనె మందు పలుకుల్ని పట్టి బంక చేస్తుంది. ప్రైమర్ లోపలికి పాకితే అది పేలకపోవచ్చు. జారుడు కావాలనిపిస్తే స్లయిడ్ అడుగున పొడి గ్రాఫైట్ రుద్ది మిగిలింది తుడిచేయండి. నూనె, గ్రీజు ర్యామ్‌కి (షెల్‌ప్లేట్‌ని ఎత్తే కడ్డీకి), లింకు పిన్నులకి మాత్రమే. అక్కడ కూడా కారేంత వేయకూడదు.

శుభ్రానికి రోజుల లెక్క కాదు, ప్రైమర్ల లెక్క పెట్టుకోండి. వెయ్యికి ఒకసారి ట్యూబులో ఆల్కహాల్ తడిపిన పైప్ క్లీనర్ పోనిచ్చి, పూర్తిగా ఆరాకే మళ్లీ నింపండి. పైప్ క్లీనర్ నల్లగా వస్తే అదంతా ప్రైమర్ పొడి. అందులో సీసం సమ్మేళనాలు ఉంటాయి, రాపిడికీ స్టాటిక్ విద్యుత్తుకీ స్పందిస్తుంది. ఆ పైప్ క్లీనర్‌ని పొడి చెత్తలో వేయకండి. చేతులు సబ్బుతో కడుక్కుని కానీ ఏమీ తినకండి. బల్ల మీదా నేల మీదా రాలిన ప్రైమర్లు, మందు వాక్యూమ్ క్లీనర్‌తో లాగే ఆలోచన చేయకండి, అవి అంటుకోవడానికి లోపలి మోటారు నిప్పురవ్వ చాలు. తడి గుడ్డతో ఎత్తండి.

పని ముగిసినప్పుడు ట్యూబులో ప్రైమర్లు వదిలి వెళ్లకండి. తీసి వాటి అసలు డబ్బాలోనే పెట్టండి, సీసాలో కుప్పగా పోయకండి. తయారీదారు వాటిని గళ్లలో విడివిడిగా పెట్టింది ఒకటి పేలితే పక్కది అంటుకోకూడదనే. ఇంకో అలవాటు: వంద ప్రైమర్లు పోసినప్పుడు వంద కేసులే లెక్కపెట్టి దగ్గర పెట్టుకోండి. ఆఖర్న కేసు మిగిలితే ఎక్కడో ఒక ప్రైమర్ తప్పిపోయింది. అది స్లయిడ్ గాడిలో ఉందో, షెల్‌ప్లేట్ కింద ఉందో, కుర్చీ కింద ఉందో దొరికాకే రెండో వంద మొదలుపెట్టండి.